బత్తాయి తోటల అగ్రిటూరిజం పెడదామనుకుంటున్న. గదులు కట్టాల్నా, వద్దా?

చెల్క_బత్తాయి | గుర్రంపోడు దిక్కు, నల్లగొండ జిల్లా
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాకు తొమ్మిదెకరాలు. ఆరెకరాలు బత్తాయి, మంచి కాపు మీదున్న చెట్లు. రెండెకరాల వరి మడి కౌలుకు ఇచ్చినం. మిగిలిన ఎకరం చెల్కల అమ్మ కందులు, జొన్న, కూరగాయలు ఏస్తది. బోర్లు రెండు, అందుల ఒకటి ఎండకాలం ఆగి ఆగి పోస్తది.

తోట ఏటా గుత్తకే పోతున్నది. కాయ మంచిగున్న ఏడు ధర ఉండదు, ధర ఉన్న ఏడు కాయ ఉండదు. తూకం మీద అమ్ముదామంటే తరుగు పేరు మీద కోత. నేను హైదరాబాద్‌ల కొలువు ఇడిచిపెట్టి ఇంటికొచ్చిన. శని, ఆదివారాలు నాగార్జునసాగర్ పోయే కార్లు మల్లేపల్లి మీదికెల్లి వరుస పెట్టి పోతుంటయి. ఆ కార్లల కొన్ని మా తోట కాడ ఆగితే చాలు అనిపిస్తది.

మా బావ చెప్పిన ప్లాన్ ఇది: బ్యాంకు కాడ 12 లక్షలు తీసుకొని రెండు కాటేజీలు, ఒక చిన్న స్విమ్మింగ్ పూల్. అమ్మ వంట చేస్తది, నాయిన తోట చూపిస్తడు, నేను బుకింగులు చూసుకుంట. నల్లగొండ, పాలమూరు దిక్కు ఇట్ల చేసినోళ్లు ఎవరన్న ఉంటే ఉన్నదున్నట్టు చెప్పున్రి. ధైర్యం చెప్పుడు కాదు, లెక్క చెప్పున్రి.

చిట్టాపద్దు | మిర్యాలగూడ
ఆదివారం, రాత్రి 11:05

తమ్మీ, లెక్కే అడిగినవు కాబట్టి లెక్కే చెప్తా.

12 లక్షలకు 11 శాతం వడ్డీ అనుకో. ఏడాదికి వడ్డీయే 1,32,000. అసలు వేరే.

ఇప్పుడు గదులు లేకుండా, పొద్దున వచ్చి పొద్దుగూకంగ పోయేటోళ్లతోని చూద్దాం. దసరా ముందు నుంచి శివరాత్రి దాకా ఆదివారాలు ఇరవై పైనే ఉంటయి. అందుల 16 ఆదివారాలే జనం వచ్చిన్రనుకో. రోజుకు 20 మంది, మనిషికి 600. మొత్తం 1,92,000. భోజనం, చాయ్, తినుబండారం మనిషికి 250 చొప్పున 80,000 పోతయి. ఇద్దరు పనోళ్లకు రోజుకు 600 లెక్కన 19,200. చేతిల మిగిలేది 92,800. మరుగుదొడ్లు, పందిరి, రిపేర్లు అన్నీ అందులకెల్లే. అంటే మొదటి ఏడు మంచిగ నడిచినా, వచ్చే మిగులు నీ కాటేజీల వడ్డీకి కూడ సరిపోదు.

గదులుంటే ఇంక ఎక్కువ వస్తది కదా అంటవు. వస్తది, శనివారం రాత్రి పూట. సోమవారం నుంచి శుక్రవారం దాకా గది ఖాళీగ ఉన్నా వడ్డీ మాత్రం నడుస్తనే ఉంటది. మార్చి నడిమి నుంచి జూన్ దాకా మండే ఎండల నల్లగొండ పల్లెల రాత్రి పండుకోను ఎవరొస్తరు? ఏసీ పెడితే కరెంటు బిల్లు అదొకటి.

ఇగ కాయితాల సంగతి. వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. కానీ టికెట్టు, భోజనం, గది కిరాయి వ్యవసాయ ఆదాయం కిందికి రావు, అది వ్యాపారం. తోటల తెంపిన కాయను తెంపినట్టే అమ్మితే అది వ్యవసాయమే. కాబట్టి మొదటి రోజు నుంచే రెండు పద్దులు వేరేగ రాయి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర లేదు. వంట పెట్టి పైసలు తీసుకుంటే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాలె. చిన్న అమ్మకానికి దాని ఫీజు తక్కువే. దానికి భయపడకు, ఎగ్గొట్టకు.

గదులు కడితే ఆ జాగను నాలా (భూమి మార్పిడి) చట్టం కింద వ్యవసాయేతర భూమిగ మార్చాలె. మార్చిన గుంటలకు రైతు భరోసా రాదు. ఎకరానికి ఏడాదికి 12,000 అంటే ఒకటి రెండు గుంటలకు పెద్ద సొమ్ము కాదు గానీ, కాయితంల భూమి స్వభావం మారుతది. అది నాయినతోని కూసోని మాట్లాడి చెయ్యాల్సిన పని.

వనస్థలిపురం_అమ్మ
సోమవారం, ఉదయం 7:30

నేను వచ్చే వాళ్ల వైపు నుంచి మాట్లాడతాను. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు, మేమిద్దరం. అలాంటి చోట్లకు వెళ్తూనే ఉంటాం.

స్విమ్మింగ్ పూల్ మా అపార్ట్‌మెంట్లోనే ఉంది. దాని కోసం రెండున్నర గంటలు కారులో కూర్చుని రాము. పోయిన చలికాలం పొలం పేరు పెట్టుకున్న ఒక రిసార్టుకు వెళ్లాం. పేరులో తప్ప పొలం ఎక్కడా లేదు. లాన్, స్పీకర్లు, పనీర్ బఫే. ఆవును ఒక మూలన కట్టేసి ఉంచారు, పిల్లలు దాని పక్కన ఫొటో దిగారు. మా అత్తగారు ఆ ఆవుకు నీళ్లు పెట్టారా లేదా అని సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నారు.

మాకు కావలసినవి చెప్తాను. శుభ్రమైన మరుగుదొడ్డి, అందులో నీళ్లు. పెద్దవాళ్లు కూర్చోవడానికి నీడ, ఒక మంచం. పిల్లలు చేత్తో చేసే పని ఏదైనా ఒకటి. బత్తాయి తెంపడమైనా సరే, కంది కాయ ఒలవడమైనా సరే. వేడిగా జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఏదో ఒక కూర. వెళ్లేటప్పుడు ఆ పొలంలోదే కొనుక్కుని పోవాలి. గది లేదని మేం రాకుండా ఉండం. మరుగుదొడ్డి బాగాలేకపోతే మాత్రం రెండోసారి రాము.

ప్లాట్ల_సలహా
సోమవారం, మధ్యాహ్నం 12:15

ఇంత కష్టం దేనికి? సాగర్ రోడ్డుకు దగ్గర తోట అంటే ఫాంల్యాండ్ కింద గుంటల లెక్క అమ్మేస్తే ఒక్కసారే కోట్లు. కొన్నోళ్లకు అగ్రిటూరిజం అనుభవం కూడా దొరుకుతుంది.

పాలమూరు_బిడ్డ | దేవరకద్ర దిక్కు, మహబూబ్‌నగర్
సోమవారం, మధ్యాహ్నం 2:50

మీది ప్లాట్ల అమ్మకమన్నా, అది వేరే ముచ్చట. తోటను కడీలు పాతి ముక్కలు చేసినంక చెట్లకు నీళ్లు పెట్టేటోడు ఉండడు. మా దిక్కు హైవే పొంటి అట్ల ఎండిపోయిన మామిడి తోటలు చూస్తనే ఉన్నం. కొనుక్కున్నోడు ఏడాదికి ఒక్కసారి వచ్చి గేటు చూసి పోతడు. ఊర్ల కూలి పోయింది, పంట పోయింది. గా తమ్ముడు అడిగింది పంటను నిలబెట్టే తొవ్వ.

తమ్మీ, నీ పోస్టుల నాకు ఒక్క మాట కాడ కలుక్కుమన్నది. అమ్మ వంట చేస్తది అని రాసినవు. అమ్మను అడిగినవా?

కోపం చేసుకోకు, ఇది నేను కళ్లార చూసిన సంగతి. మా మహిళా సంఘం నుంచి కోయిల్‌సాగర్ చూడవచ్చేటోళ్లకు వంట చేసిస్తున్నం. మొదట్ల ఒకరిద్దరి ఇండ్లల్ల మొదలైంది. ఇరవై మందికి జొన్నరొట్టెలంటే అరవై రొట్టెలు. రొట్టె చేత్తో కొట్టాలె, కట్టెల పొయ్యి మీద కాల్చాలె. తెల్లారగట్ల మూడింటికి లేస్తే పదకొండుకు అయిపోతది. ఆ మధ్యాహ్నమే మళ్ల కూలికో, కలుపుకో పోవాలె. పేరు కొడుకుది, పైసలు కొడుకు ఫోన్ల పడతయి, నడుము మాత్రం అమ్మది. రెండు నెలలకు ఆడోళ్లు మా వల్ల కాదన్నరు, ఆ ఇండ్లల్ల అతిథుల రాక బందైంది.

ఇప్పుడు సంఘంల వంతులు పెట్టుకున్నం. ఒక ఆదివారం నలుగురు, వచ్చే ఆదివారం ఇంకో నలుగురు. పిండి, నూనె ఖర్చు ముందే వస్తది. కూలి వంట చేసినామె ఖాతాల్నే పడతది. కడిగేదానికి వేరే మనిషి, వేరే కూలి. మెనూ చిన్నది: జొన్నరొట్టె, ఒక పప్పుకూర, గోంగూరో చింతచిగురో ఏ కాలానికి ఏది దొరికితే అది, పల్లీల తొక్కు, మజ్జిగ. మాంసం ముందే చెప్పినోళ్లకే.

ఇంకొకటి ఇక్కడ్నే చెప్తున్న. ఎవరు వండిన్రు, ఏ వాడోళ్లు అని అడిగే అతిథులు వస్తరు. మా సంఘంల అన్ని వాడల ఆడోళ్లున్నరు, అందరి చేతి వంట ఒక్క పంక్తిల పెడతం. అట్ల అడిగినోళ్లకు పైసలు వాపసిచ్చి పంపుతం. దీని మీద మాట మారేది లేదు. నువ్వు మొదలు పెడితే నువ్వు సుత మొదటి రోజే తేల్చుకో. తర్వాత తేల్చుడు కష్టం.

చెల్క_బత్తాయి
సోమవారం, రాత్రి 8:20

అక్కా, అడగలే. ఇయ్యాల రాత్రే మాట్లాడుత.

చిట్టాపద్దు అన్నా, లెక్క ప్రింటు తీసి నాయినకు చూపిచ్చిన. పూల్ తీసేసినం. కాటేజీల మీద నాయినకు ఇంక ఆశ ఉన్నది. గదులు లేకుంటే దీన్ని టూరిజం అంటరా అని అడుగుతుండు.

పాత_ఏఓ | వనపర్తి
మంగళవారం, ఉదయం 6:10

వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు వేరే దేశంలో చట్టంగానే ఉంది. ఇటలీ 1985లో దీనికంటూ ప్రత్యేక చట్టం చేసింది. 2006లో దాన్ని తిరగరాసినా మూల సూత్రాన్ని కదపలేదు. వ్యవసాయమే ప్రధానంగా ఉండాలి, అతిథుల పని దానికి అనుబంధంగా ఉండాలి. అతిథులకు పెట్టే తిండిలో సొంత పొలంలో, చుట్టుపక్కల పొలాల్లో పండినదానికి పెద్ద వాటా ఉండాలి. పొలం పని తగ్గిపోయి గదులే మిగిలితే అది హోటలే, రైతు హక్కులు దానికి రావు. అక్కడ కొండ ప్రాంతాల్లో జనం ఊళ్లు ఖాళీ చేసి పోతున్న కాలంలో, పాత ఇళ్లను బాగు చేసుకుని రైతు ఊళ్లోనే నిలబడడానికి ఈ దారి ఉపయోగపడింది. కొత్త కట్టడాలు కాదు, ఉన్న ఇళ్లు. ఇది గమనించండి.

మనకు దగ్గరి ఉదాహరణ మహారాష్ట్ర. బారామతి దగ్గర 2005లో పాండురంగ్ తావరే మొదలుపెట్టిన ప్రయత్నం అక్కడ చాలామంది రైతులకు దారి చూపింది. ఆ ప్రభుత్వం 2020లో వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక విధానమే తెచ్చింది. అక్కడ చలికాలంలో లేత జొన్న కంకులు కాల్చి తినే హుర్డా కోసం పుణే నుంచి జనం పొలాలకు కదిలి వస్తారు. ఆ రుచి మనకు కొత్తదా? మహబూబ్‌నగర్ నల్లరేగళ్లలో యాసంగి జొన్న వేసే ప్రతి ఊళ్లోనూ ఊచబియ్యం తిని పెరిగిన వాళ్లమే. దాన్ని పట్నం వాళ్లకు పెట్టవచ్చని మనకు తోచలేదు. ఒక్క ఎకరం జొన్న జనవరిలో ఎంతమందిని రప్పించగలదో మీరే ఆలోచించండి.

ఇప్పుడు మీ తోట సంగతి. మీ పంటల క్యాలెండరే మీ టూరిజం క్యాలెండర్. బత్తాయి సీజన్ కాపు ఆగస్టు నుంచి కోతకొస్తుంది, కత్తెర కాపు మార్చి దిక్కున. రెంటి మధ్య తోటలో తెంపడానికి పండు లేని నెలలున్నాయి. ఆ నెలల్లో వచ్చిన వాళ్లకు ఏం చూపిస్తారు? నవంబరులో వరి కోతలు. కాల్వ నీళ్లొస్తే డిసెంబరు, జనవరిలో యాసంగి నాట్లు. జనవరిలో మీ చెల్కలో కంది కాయ, జొన్న ఊచబియ్యం. అంటే మీ అమ్మగారి ఆ ఒక్క ఎకరమే మీ అతిథులకు అసలైన పొలం. దాన్ని ఖాళీ జాగా అనుకుని కాటేజీలు లేపితే చూపించడానికి ఏమీ మిగలదు.

తోటలోకి మనుషుల్ని వదిలే ముందు కొన్ని పాటించాలి. మందు కొట్టిన తర్వాత డబ్బా మీద రాసిన గడువు దాటే వరకు ఎవరినీ రానివ్వకూడదు, కాయ తెంపి ఇవ్వకూడదు. బుకింగ్ ఉంది కదా అని మందు ఆపకండి, మందు ఉంది కాబట్టి బుకింగ్ ఆపండి. బత్తాయిని లాగి తెంపితే తొడిమ దగ్గర తోలు ఊడుతుంది, ఆ కాయ నాలుగు రోజులు నిలవదు. చిన్న కత్తెరలు ఇవ్వండి, ఎలా కత్తిరించాలో చెప్పండి. అన్ని వరసలూ తెరవకుండా ఒకటి రెండు వరసలు అతిథులకు కేటాయించండి. చెట్ల మొదళ్లలో రోజూ జనం తొక్కితే నేల గట్టిపడి వేర్లు బాధపడతాయి.

మీకు దగ్గర్లో కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మా దిక్కు వాళ్లకు పాలెం పరిశోధన స్థానం. తోటలో పిల్లలకు ఏం చెప్పాలి, ఏ పురుగును ఎలా చూపించాలి అని అడగండి. ఆనందంగా చెప్తారు.

కౌలు_రైతు | తిప్పర్తి
మంగళవారం, మధ్యాహ్నం 1:30

అందరు తోట గురించి మాట్లాడుతున్నరు. ఆ రెండెకరాల మడి కౌలుకు చేసేటాయన గురించి ఒక్కరు అనలే.

నేను సుత కౌలుకే చేస్తున్న. మా ఊరు పక్కన ఒకాయన పట్నం పిల్లల్ని తీస్కొచ్చి నాటేసిన మడిల దింపిండు. పిల్లలది తప్పు లేదు, వాళ్లకు సంబరం. నాలుగు గుంటల నారు తొక్కుడు పోయింది. ఫొటోల పైసలు భూమి ఉన్నాయనకు, పోయిన నారు కౌలు చేసేటాయనకు. మళ్ల నారు తెచ్చి, మళ్ల కూలి పెట్టి నాటిండు. కౌలు మాత్రం పైసా తగ్గలే.

రైతు భరోసా పట్టాదారుకు పోతది. ఇప్పుడు టూరిజం పైసలు సుత పట్టాదారుకేనా? మట్టిల దిగి నాట్లు ఎట్లేస్తరో చూపెట్టేది, అరక పట్టేది, ఎడ్లను ఆపేది మేము. మమ్ముల చూడనీకే వచ్చిన్రు కదా వాళ్లు.

పాత_ఏఓ
మంగళవారం, మధ్యాహ్నం 3:00

ఈయన చెప్పింది అక్షరాలా నిజం. మడిలో దింపాలనుకుంటే రెండు గుంటలు వేరుగా దున్ని పెట్టించాలి. ఆ రెండు గుంటల పంట విలువ, నారు, నీళ్లు, దున్నకం అన్నీ కలిపి కౌలు రైతుకు ముందే కట్టాలి. ఆయన నేర్పించే రోజుకు కూలి కాదు, నేర్పినందుకు ఫీజు ఇవ్వాలి. రాసుకున్న కాయితం ఉండాలి. ఇలా చెయ్యని చోట దీన్ని గ్రామీణాభివృద్ధి అనడానికి నేను ఒప్పుకోను.

కొల్లాపూర్_మామిడి | నాగర్‌కర్నూల్ జిల్లా
మంగళవారం, రాత్రి 9:15

మాది మామిడి తోట. మా కాడ పరిస్థితి బత్తాయికి ఉల్టా. కాయ వచ్చేదే ఏప్రిల్, మే. ఆ ఎండలకు జనాన్ని రమ్మనుడే కష్టం. అందుకే పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర వరకే తోట తెరుస్తం. పదకొండు తర్వాత ఎవ్వరినీ చెట్ల కింద ఉంచం. గది అడిగినోళ్లను సోమశిలకు పంపుతం.

సోమశిల సంగతి చూడున్రి. కృష్ణ నీళ్లు, లలితా సోమేశ్వర గుడి, పడవలు ఉన్నయి. 2024ల కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాలల్ల సోమశిలను తీసుకున్నది. మస్తు సంతోషం. కానీ వచ్చిన మనిషి నీళ్లు చూసి, పడవ ఎక్కి, చిప్స్ ప్యాకెట్ కొనుక్కొని పోతే చుట్టుపక్కల రైతుకు ఏమొచ్చినట్టు? ఆ మనిషి పొయ్యే తొవ్వల మన పంట కండ్లబడాలె. మేము చేసింది గంతే. ఊరి మలుపు కాడ పందిరేసి, గడ్డిల మాగబెట్టిన కాయ పెట్టినం. కార్బైడ్ వాడొద్దని చట్టమే ఉన్నది గానీ, నమ్మకం చట్టంతోని రాదు. తోటకు తోల్కపోయి కాయ ఎట్ల మాగుతున్నదో చూపెడితే వస్తది. చూసినోళ్లే మరుసటేడు ఫోన్ చేసి పెట్టెలు చెప్తున్నరు. మాకు టికెట్టు పైసల కన్న ఆ పెట్టెల పైసలే ఎక్కువ.

అందుకే చిట్టాపద్దు అన్న లెక్కకు ఇంకొక వరస కలుపుత. గుత్తకు కిలోకు 25 పడ్డదనుకో, తోట కాడ అతిథికి 50కి ఇచ్చినవనుకో. కాయ ఉన్న ఎనిమిది ఆదివారాలల్ల 40 కుటుంబాలు, ఇంటికి పది కిలోలు. 400 కిలోలు, మిగులు 10,000. చిన్నదే. కానీ ఆ 40 ఇండ్ల నంబర్లు నీ కాడ ఉంటయి. వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు కాడికి నెలకొక్కసారి ఆటో పంపితే ఆ ఆరెకరాలల్ల కొంత కాయ గుత్తకు పోకుండ నీ ధరకు పోతది. నేనైతే అగ్రిటూరిజం అంటే దీన్నే అంట. తక్కినదంతా దీనికోసమే.

నీకు సాగర్ ఉన్నది, బుద్ధవనం ఉన్నది, నల్లగొండ ఆనుకొని పానగల్లు ఛాయా సోమేశ్వరం ఉన్నది. పొద్దున గుడి, మధ్యాహ్నం నీ కాడ అన్నం, పొద్దుగూకే వరకు సాగర్. ఒక్క రోజు తొవ్వ అది. గదులు సాగర్‌ల ఉన్నయి, నువ్వు కట్టుడెందుకు?

దవాఖాన_నర్సు | నకిరేకల్
బుధవారం, ఉదయం 5:50

డ్యూటీ దిగి రాస్తున్నా, చిన్నగానే. తెరిచిన బాయి ఉంటే చుట్టూ గోడ కట్టించండి, పాత బోరు గుంతలుంటే ముయ్యండి. ఇవి కాకుండా ఒక్క పిల్లను కూడా తోటలోకి రానివ్వద్దు. పాము కరిస్తే తాడు కట్టడం, కోయడం, పసరు పెట్టడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి నేరుగా దవాఖానకు తేవాలి. విరుగుడు మందు ఏ సర్కారు దవాఖానలో ఉందో సీజన్ మొదట్లోనే అడిగి, ఫోన్ నంబరు గోడ మీద రాయండి.

తాగే నీళ్ల గురించి. మన జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ ఏం చేసిందో చెప్పాల్సిన పని లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. బోరు నీళ్లు అతిథులకు పెట్టొద్దు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి పెట్టండి. మీ ఇంట్లో వాళ్లూ అవే తాగండి.

చెల్క_బత్తాయి
బుధవారం, రాత్రి 7:45

నర్సమ్మా, బాయి గోడ ముచ్చట మేస్త్రీకి చెప్పిన. పాత బోరు గుంత ఒకటి ఉన్నది, దానికి రేపే మూత. మాకు భగీరథ నల్లా ఉన్నది.

కాటేజీల మాట నాయిన ఇడిచిపెట్టిండు. రెండు మరుగుదొడ్లు, చేతులు కడిగే తొట్టి, తాటాకు పందిరి మాత్రం కడుతున్నం. చేతిల ఉన్న పైసలతోనే, అప్పు లేదు.

మన్ననూరు_దారి | అమ్రాబాద్ మండలం
గురువారం, ఉదయం 10:20

ఇది తమ్ముడి తోటకు సూటిగా తగలదు గానీ, ఈ చర్చ చదివి మా దిక్కోళ్లు కొందరు ఫోన్ చేస్తున్నరు. శ్రీశైలం రోడ్డు మీద ఫరహాబాద్ అడవి చూడ వచ్చేటోళ్లను మా ఊర్లె ఆపొచ్చు కదా అని. ఆపున్రి. పొడ తూర్పు పశువులు మన అమ్రాబాద్‌వి, దేశీ జాతిగ గుర్తింపు వచ్చింది. ఆ మందలు మేపేటోళ్లు మనూర్లనే ఉన్నరు. ఒంటి మీద మచ్చలు, ఆ నడక, ఆ ఎడ్ల బలం చూపెట్టున్రి. మేపుకు ఎక్కడెక్కడికి పోతరో మేపేటోళ్లనే చెప్పనియ్యున్రి. కోడెలు కొననీకి రైతులొస్తే ఇంక మేలు.

చెంచు పెంటలకు (అడవిల చెంచుల గూడేలకు) మాత్రం జనాన్ని తోల్కపోకున్రి. అడవి చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ మనుషుల ఇండ్ల ముంగట నిలబడి ఫొటోలు తీసుడు తప్పు. వాళ్ల తేనె అమ్మిపెట్టున్రి. ధర వాళ్లు చెప్పిందే.

ఇక్కత్_నేత | చౌటుప్పల్ దిక్కు
గురువారం, మధ్యాహ్నం 12:40

మా పక్క భూదాన్ పోచంపల్లిని 2021ల ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలల్ల చేర్చింది. చూడ వచ్చేటోళ్లు పెరిగిన్రు. నేతోళ్ల ఇంట్ల నేను చూసింది చెప్తా: మగ్గం నడుస్తున్న ఇంట్లనే చీర అమ్ముడు పోతది. చూపిచ్చనీకే పెట్టిన మగ్గం కాడ ఫొటో దిగి పోతరు. నీ తోటల పని నడుస్తుంటేనే మనుషుల్ని పిలువు. పని లేని రోజు పని ఉన్నట్టు చూపెట్టకు.

వనస్థలిపురం_అమ్మ
గురువారం, సాయంత్రం 5:30

బతుకమ్మ రోజుల్లో రావచ్చా? తంగేడు, గునుగు ఎక్కడ పూస్తాయో మా పిల్లలకు తెలియదు. మార్కెట్లో కొన్న పూలతోనే పేరుస్తున్నాం.

పాలమూరు_బిడ్డ
గురువారం, రాత్రి 8:00

రాండ్రి చెల్లె. కానీ మీ బతుకమ్మ మీరే పేర్చుకొని రాండ్రి. పూలు మాతోపాటు చెల్కల కోసుకోండ్రి, మాతోపాటే ఆడుండ్రి. పండుగ చూపెట్టనీకి టికెట్టు పెట్టం. ఆ రోజు వంట సుత సంఘం చెయ్యది, మా ఆడోళ్లకు అది పండుగ. సద్దుల నాడు ఎవరింట్ల చేసిన సద్దులు వాళ్లు తెస్తరు, మీ సద్దులు మీరు తెచ్చుకోండ్రి.

తమ్మీ, అమ్మ ఏమన్నది?

చెల్క_బత్తాయి
శుక్రవారం, ఉదయం 6:30

రెండు రాత్రులు మాట్లాడినం అక్కా. అమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తున్న.

నెలకు రెండు ఆదివారాలే. కోతలప్పుడు ఒక్కటి సుత వద్దు. వంట ఇంట్ల కాదు, పందిరి పక్కన వేరే పొయ్యిలు. ఇంట్లకు ఎవరినీ పిలువొద్దు, అక్కడ నాయనమ్మ మంచాన ఉన్నది. రొట్టెలు తను ఒక్కతే కొట్టదు, పక్కింటి వదినను, ఊర్ల ఇంకిద్దరిని పిలుస్తది. నలుగురికి కూలి ఒక్కతీరు. తన కూలి తన ఖాతాలనే పడాలె. అమ్మకు ఖాతా ఉన్నది గానీ, కార్డు నా కాడ ఉన్నది. అది నిన్ననే ఇచ్చేసిన.

ఇంకొక మాట అన్నది. చెల్కల కందులు, జొన్న తనవి, వాటి ధర తనే చెప్తదట.

పాలమూరు_బిడ్డ
శుక్రవారం, ఉదయం 9:10

అమ్మకు నా దండాలు చెప్పు. పొయ్యిలు గాలికి అడ్డం లేకుండ, పొగ పందిరి మీదికి రాకుండ కట్టియ్యి. ఇరవై మందికి నలుగురు సరిపోతరు, ఐదో మనిషి కడిగేదానికి. మా కాడ రొట్టె కొట్టినామెకు రోజుకు 700 పడుతున్నది, ఆడకూలి రేటు కన్న ఎక్కువే పెట్టుకున్నం. మీ దిక్కు కూలిని బట్టి చూసుకోండ్రి, తక్కువకు మాత్రం దిగొద్దు. మా సంఘం మీటింగుకు అమ్మను తోల్కరా, ఇక్కడి ఆడోళ్లతోని మాట్లాడితే నువ్వు చెప్పలేనివి తెలుస్తయి.

చిట్టాపద్దు
శుక్రవారం, ఉదయం 11:00

నెలకు రెండే అంటే నేను చెప్పిన 16 ఆదివారాలు పది పన్నెండు అయితయి. మిగులు తగ్గుతది. కానీ అప్పు లేదు కాబట్టి నిలబడతవు. వారం మధ్యల బడి పిల్లల బస్సు ఒక్కటి వచ్చినా సర్దుకుంటది. భోజనం వాళ్లే తెచ్చుకుంటరు, అమ్మకు వంట ఉండదు. మనిషికి 150 పెట్టు. మొదటి ఏడు ప్రతి ఖర్చూ రాయి, మరుగుదొడ్డి ఫినాయిల్ సుత.

కౌలు_రైతు
శుక్రవారం, మధ్యాహ్నం 2:15

మీ మడి చేసేటాయనతోని మాట్లాడినవా తమ్మీ?

చెల్క_బత్తాయి
శుక్రవారం, రాత్రి 9:00

మాట్లాడిన అన్నా. మాధవరెడ్డి కాల్వ కింద చివరి మళ్లు మావి, నీళ్లు ఎప్పుడొస్తయో వచ్చినంకనే తెలుస్తది. రెండు గుంటలు వేరే దున్ని పెడతడు, దాని పైసలు ముందే కట్టుకుంట. నాట్లు నేర్పిన రోజుకు మనిషికి ఇంత అని వచ్చినోళ్ల లెక్క మీద ఆయనకు వాటా. కాయితం రాసుకున్నం, నాయిన సంతకం పెట్టిండు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: తన అసలు మడి నాట్లు పడ్డంకనే ఆ రెండు గుంటల్ల మనుషులు దిగాలె. కాల్వ నీళ్లు చూసి తారీఖు తను చెప్తడు. అప్పటిదాకా నాట్ల ఆదివారం ఎవరికీ మాట ఇయ్యొద్దన్నడు.

వనస్థలిపురం_అమ్మ
శుక్రవారం, రాత్రి 9:25

నీళ్లొచ్చాకే చెప్పండి, ఏ ఆదివారమైనా ఫరవాలేదు. మా వైపు నుంచి మూడు కుటుంబాలు, పన్నెండు మంది. అందులో ఐదుగురు పిల్లలు. ఈలోపు కంది కాయ వచ్చాక మీ అమ్మగారు ధర చెప్తే పది కిలోలు మాకు ఉంచండి.